ముదిరిన డిమెన్షియాలో రోగి స్థితి అంచనా: పెద్దవూర, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతాల నేపథ్యం

తెలుగు వైద్యరచనలో చిత్తవైకల్యమని వ్యవహరించే డిమెన్షియా ఒక జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, భాష, ఆలోచన, నిర్ణయశక్తి క్రమంగా సన్నగిల్లి, మనిషి తన రోజువారీ పనులు తాను చేసుకోలేని స్థితికి చేరడాన్ని తెలిపే మాట. అల్జీమర్స్ వ్యాధి, మెదడు రక్తనాళాలు దెబ్బతినడం, లెవీ బాడీ వ్యాధి దీనికి ప్రధాన కారణాలు. తొలిదశలో వైద్యుడు తేల్చవలసింది డిమెన్షియా ఉందా లేదా అన్నది. జబ్బు ముదిరిన తర్వాత ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసే ఉంటుంది కాబట్టి అంచనా వేరే ప్రశ్నల వైపు మళ్లుతుంది: మనిషిలో ఏ శక్తులు మిగిలాయి, నొప్పి ఉందా, ముద్ద దిగుతోందా, నిన్నటి నుంచి ఇవాళటికి తేడా వస్తే ఎందుకు వచ్చింది, కనిపిస్తున్న లోపాలలో డిమెన్షియా వల్ల వచ్చినవేవి, నయం చేయగల వేరే జబ్బుల వల్ల వచ్చినవేవి. వీటిలో చివరి ప్రశ్నే అన్నిటికన్నా కీలకమైనది, అన్నిటికన్నా తరచుగా వదిలేసేది కూడా. మంచం పట్టిన వృద్ధురాలిని చూసి ‘వయసు మీద పడ్డది, మతి పోయింది’ అని చుట్టుపక్కలవారు తేల్చేశాక ఆమెకు పడిశం పట్టినా, మలబద్ధకం చేసినా, ఎముక విరిగినా అంతా ఆ ఒక్క ఖాతాలోనే చేరుతుంది.

ఈ వ్యాసం పూర్వపు నల్గొండ జిల్లాను దృష్టిలో పెట్టుకుంటుంది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లగా, మిర్యాలగూడ, దాని పడమట నాగార్జునసాగర్ దారిలో ఉన్న పెద్దవూర నల్గొండ జిల్లాలోనే ఉండిపోయాయి. డిమెన్షియా కొలమానాలలో అధికభాగం అమెరికా, ఐరోపా దేశాల నర్సింగ్ హోమ్‌లలో, చదువుకున్న రోగుల మీద, శిక్షణ పొందిన నర్సుల చేత తయారైనవి. ఇక్కడ రోగి వసారాలోని మంచం మీద ఉంటుంది. ఆమెను రాత్రీపగలూ చూసేది కోడలో కూతురో. మొదట పిలిచేది ఊరి ఆర్‌ఎంపీని. కాబట్టి ఆ కొలమానాలను ఉన్నవి ఉన్నట్టు దించుకోవడం కుదరదు, అలాగని వాటిని విడిచిపెట్టడమూ కుదరదు. భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని లాసీ-డాడ్ అనే జాతీయ వృద్ధుల అధ్యయనం ఆధారంగా 2023లో వెలువడిన అంచనా చెబుతోంది.

ప్రశ్నలు అడిగి కొలిచే పద్ధతి, దాని హద్దు

ప్రపంచమంతటా ఎక్కువగా వాడిన పరీక్ష 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి ప్రకటించిన మినీ మెంటల్ పరీక్ష. తేదీ, స్థలం, కొన్ని మాటలను గుర్తుంచుకోవడం, లెక్కలు, ఒక వాక్యం రాయడం, ఒక బొమ్మను చూసి గీయడం వంటి అంశాలకు అందులో 30 మార్కులు. జబ్బు ముదిరినవారికి ఇందులో సున్నా చుట్టూనే మార్కులు వస్తాయి. ఆరు నెలల తర్వాత మనిషి ఇంకా దిగజారినా సున్నా కన్నా కిందికి కొలిచే వీలు లేదు. దీనిని కొలమానం అడుగంటడమంటారు. ఈ లోటు తీర్చడానికే 1990 ప్రాంతంలో తీవ్రలోప పరీక్షావళిని రూపొందించారు. అందులో రోగి చేత చెంచాను చెంచాలా పట్టించడం, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతారో లేదో చూడడం, కరచాలనానికి చేయి చాపితే తిరిగి చాపుతారో లేదో గమనించడం వంటి అతి తేలిక అంశాలు 100 మార్కులకు ఉంటాయి.

చదువు సంగతి వేరే చిక్కు. 2011 జనాభా లెక్కల ప్రకారం నల్గొండ జిల్లా అక్షరాస్యత సుమారు 64 శాతం. ఇప్పుడు 80 దాటిన స్త్రీలలో అది ఇంకెంత తక్కువో ఊహించవచ్చు. ఎన్నడూ పెన్ను పట్టని అవ్వను వాక్యం రాయమనడం జబ్బును కొలవడం కాదు, బడికి పోలేదన్న సంగతిని మళ్లీ ఒకసారి నమోదు చేయడం మాత్రమే. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం 1990లలో తయారైన హిందీ మానసిక స్థితి పరీక్ష ఈ సమస్యను గుర్తించిన తొలి ప్రయత్నాలలో ఒకటి. తెలుగులో అడెన్‌బ్రూక్స్ పరీక్ష అనుసరణ హైదరాబాద్‌లో జరిగింది. ఆ తర్వాత భారతీయ వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన నాడీ జ్ఞాన పరీక్షల పేటిక హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషలలో వచ్చింది. ఇవన్నీ ప్రధానంగా తొలి, మధ్య దశలకు పనికివచ్చేవి. ముదిరిన దశలో వీటి ఉపయోగమల్లా, ఇంతకు ముందెప్పుడో చేసి ఉంటే, పడిపోక ముందు మనిషి ఎక్కడ ఉండేదో చెప్పే పాత కాగితంగానే.

తేదీ అడగడం పొరపాటని అనుభవజ్ఞులు త్వరలోనే గ్రహిస్తారు. పండుగలు, తిథులు, జాతరల లెక్కన కాలాన్ని కొలిచినవారిని ఇంగ్లీషు తేదీ అడిగితే వారు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనూ తడుముకునేవారే. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల జాతర అయిపోయిందా రావలసి ఉందా అన్న ప్రశ్న సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్లలో తేదీ కన్నా న్యాయమైన ప్రశ్న. వయసు తేల్చడానికీ ఇదే దారి: పుట్టిన తేదీ తెలియనివారు రజాకార్ల కాలం నాటికి ఎంత పిల్లలో, 1955లో సాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేసిన నాటికి పెళ్లయిందో లేదో కుటుంబంతో చెప్పించి లెక్క కట్టవచ్చు. జబ్బు ముదిరేసరికి ఈ పాత జ్ఞాపకాలు కూడా చెదిరిపోతాయి కనుక జవాబు బిడ్డల నోట రావలసిందే.

రెండు భాషల మనిషి

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఒకటి కన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడిందనీ, చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించిందనీ అది చూపింది. తెలుగు, ఉర్దూ, హిందీ బజారులోనే కలిసిపోయే నగరంలో చేసినందువల్ల, బహుభాషల ప్రభావాన్ని చదువు ప్రభావం నుంచి విడదీసి చూడడానికి ఈ అధ్యయనానికి అవకాశం దొరికింది.

పెద్దవూర, సాగర్ పరిసరాల తండాలలోని లంబాడా వృద్ధులకు ఇంట్లో గోర్‌బోలి, అంగట్లో తెలుగు. ముదిరిన దశలో తర్వాత నేర్చిన భాష ముందుగా జారిపోవడం తరచుగా కనిపించే విషయం. తెలుగులో అడిగిన దేనికీ పలకని మనిషి కూతురు ‘యాడీ’ అని పిలిస్తే తల తిప్పవచ్చు, ‘పాణి’ అంటే పెదవులు చప్పరించవచ్చు. ఆ ఇంటి భాషలో మాట్లాడించకుండా ‘మాట పోయింది’ అని కాగితం మీద రాస్తే, తర్వాత చెప్పుకోబోయే మెట్ల లెక్కలో ఆమెను ఒకటి రెండు మెట్లు అనవసరంగా కిందికి దించినట్టవుతుంది. పరీక్షకు ముందు చెవిలో గులిమి తీయడం, కళ్లద్దాలు పెట్టడం, శుక్లాలు ఉన్నాయేమో చూడడం కూడా ఈ కోవలోకే వస్తాయి. చిన్న పనులే గాని ఎవరూ చేయరు.

మెట్ల లెక్క

న్యూయార్క్ వైద్యుడు బ్యారీ రైస్‌బర్గ్ 1980లలో రూపొందించిన ఫాస్ట్ కొలమానం మాటలను కాక పనులను కొలుస్తుంది. అందులో ఏడు దశలు. ఆరవ దశలో బట్టలు సరిగా కట్టుకోలేకపోవడం, తర్వాత స్నానం చేయలేకపోవడం, మరుగుదొడ్డి పనులు చూసుకోలేకపోవడం, మూత్రం మీద, ఆపై మలం మీద అదుపు పోవడం వరుసగా వస్తాయి. ఏడవ దశే ముదిరిన డిమెన్షియా: మొదట రోజుకు ఐదారు మాటలకు మించి రావు, తర్వాత ఒక్క మాటే మిగులుతుంది, ఆ తర్వాత నడక పోతుంది, ఆసరా లేకుండా కూర్చోలేరు, నవ్వు పోతుంది, చివరకు తల నిలపలేరు. పసిబిడ్డ ఏ క్రమంలో ఈ శక్తులను సంపాదించుకుంటుందో దానికి తిరగేసిన క్రమమిది అని రైస్‌బర్గ్ వాదన. ముసలితనం మళ్లీ వచ్చిన పసితనమన్న నానుడి తెలిసిన తెలుగువారికి ఇది కొత్తగా తోచదు, అయితే అవ్వతో పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడడానికి దానిని సాకుగా తీసుకోరాదు.

ఈ కొలమానం అసలు బలం వరుసలో ఉంది. అల్జీమర్స్ వ్యాధిలో మెట్లు ఒకదాని తర్వాత ఒకటి దిగుతాయి. మధ్యలో ఒక మెట్టు తప్పిందంటే ఇంకేదో కారణం ఉందని అర్థం. మాట చక్కగా ఉండి నడక ఒక్కటే పోయిందంటే ఆ నడక పోవడం అల్జీమర్స్ పని కాదు. ఈ నియమం నల్గొండ జిల్లాలో ఇతర చోట్ల కన్నా ఎక్కువ విలువైనది, ఎందుకంటే ఇది ఫ్లోరైడ్ నేల. మన దేశంలో అస్థి ఫ్లోరోసిస్‌ను 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే నల్గొండ పద్ధతి. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రమాణం. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీరు రాకముందు దశాబ్దాల పాటు బోరు, బావి నీళ్లు తాగిన తరం ఇప్పుడు డెబ్బై ఎనభైలలో ఉంది. వెన్నెముక చుట్టూ ఎముకలను పట్టి ఉంచే బంధనాలలో సున్నం పేరుకుని మెడ తిరగదు, మోకాళ్లు వంగిపోతాయి, కొందరిలో వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడతాయి, మూత్రం అదుపు తప్పుతుంది. అలాంటి మనిషికి ఆపై మతిమరుపు కూడా వస్తే ఫాస్ట్ లెక్కలో ఆమె ఉన్న చోటు కన్నా ఎంతో కిందికి కనిపిస్తుంది. దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది: మెడ బిగుసుకుపోయినవారిలో తల వాలదు కాబట్టి చివరి మెట్టు వచ్చినా రానట్టే ఉంటుంది. అందువల్ల ఈ ప్రాంతంలో మెట్టు నిర్ణయించే ముందు ‘మతిమరుపు రాకముందు ఎట్లా నడిచేది, మెడ తిప్పేదా’ అని ఇంటివారిని అడగడం తప్పనిసరి.

ఉన్నట్టుండి వచ్చిన తేడా

డిమెన్షియా నెలల లెక్కన దిగజారుతుంది. గంటల్లో, రోజుల్లో వచ్చిన మార్పు వేరు. దానిని డెలీరియం లేదా సన్నిపాతం వంటి మతిభ్రమ అంటారు. షారన్ ఇనోయే 1990లో ప్రకటించిన క్యామ్ పద్ధతి నాలుగు లక్షణాల మీద నిలుస్తుంది: హఠాత్తుగా మొదలై హెచ్చుతగ్గులతో సాగడం, దృష్టి నిలవకపోవడం, పొంతన లేని ఆలోచన, మెలకువ స్థాయి మారడం. మొదటి రెండు ఉండి, మిగతా రెంటిలో ఒకటి తోడైతే డెలీరియం అనుకోవాలి. ఎప్పుడూ సరిగా మాట్లాడని మనిషిలో పొంతనలేని ఆలోచనను పట్టుకోవడం కష్టం కాబట్టి ముదిరిన దశలో ఇంటివారి మాటే ప్రధాన సాక్ష్యం: ‘మొన్నటి దాకా పిలిస్తే కండ్లు తెరిచేది, నిన్నటి సంది సోయి లేదు’ అన్న ఒక్క వాక్యం రక్తపరీక్షకు తక్కువ కాదు. వెనుక న్యుమోనియా, మూత్రంలో చీము, మూత్రం నిలిచిపోవడం, గట్టిపడిన మలం, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, ఎన్నడో పడినప్పుడు తలలో గూడుకట్టిన రక్తం వంటివి ఉండవచ్చు. మందులూ కారణమే. జలుబు కోసం ఊరిలో ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్, నిద్ర కోసం ఇచ్చే ఎమిట్రిప్టిలిన్, వణుకు కోసం ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వృద్ధుల మెదడును మసకబారుస్తాయి; అందుకే ఇంట్లో ఉన్న మాత్రల సంచిని మొత్తం కుమ్మరించి చూడడం అంచనాలో భాగం.

పాఠ్యగ్రంథాలలో కనిపించనిది, తెలంగాణలో తప్పక అడగవలసినది కల్లు సంగతి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారన్నది అనేకసార్లు రుజువైంది. 2015లో ప్రభుత్వం కల్తీ మీద కఠినంగా వ్యవహరించినప్పుడు కల్లు ఒక్కసారిగా మానినవారు వణుకు, మూర్ఛ, పిచ్చి ప్రేలాపనలతో ఆసుపత్రుల పాలయ్యారు. రోజూ సాయంత్రం సీసా తాగే అలవాటున్న ముసలాయన మంచాన పడ్డాక ఎవరూ కల్లు తెచ్చివ్వకపోతే మూడోనాటికి ఆయన గోడలతో మాట్లాడడం మొదలుపెట్టవచ్చు. దానిని జబ్బు ముదరడంగా రాసుకుంటే నయమయ్యేదాన్ని వదిలేసినట్టే.

నొప్పి

నొప్పి ఉందా అని అడిగితే చెప్పలేని మనిషిలో ఒంటినే చదవాలి. మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన వార్డెన్, హర్లీ, వాలిసర్ 2003లో ప్రకటించిన పెయినాడ్ కొలమానంలో ఐదు అంశాలున్నాయి: శ్వాస, మూలుగు లేదా ఏడుపు, ముఖకవళిక, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరట చెందడం. ఒక్కొక్కదానికి సున్నా నుంచి రెండు, మొత్తం పది. పనిలో ఇది ఎలా ఉంటుందో చూడాలంటే రోగి పక్క మార్చే వేళ మంచం దగ్గర నిలబడాలి. చీర కొంగు కింద చేయి పెట్టి పక్కకు ఒత్తిగిలించగానే నుదురు ముడిపడుతుందా, పిడికిలి బిగుసుకుని మంచం పట్టెను పట్టుకుంటుందా, శ్వాస ఆగి మళ్లీ గబగబా సాగుతుందా, కూతురు వీపు నిమిరితే మూలుగు తగ్గుతుందా అన్నవి ఆ పావు నిమిషంలోనే కనిపిస్తాయి. కదలకుండా పడుకున్నప్పుడు చూసిన అంకె సున్నా కావచ్చు. ఆ సున్నాను నమ్మరాదు. ఫ్లోరోసిస్ ఉన్నవారిలో కీళ్లు బిగుసుకుని ఉంటాయి గనుక ఈ తేడా ఇంకా ఎక్కువ.

ఈ అంకె నొప్పికి నేరుగా కొలత కాదు. భయం, చలి, ఆకలి వల్ల కూడా అది పెరుగుతుంది. అందుకే అనుమానం ఉన్నచోట పారాసెటమాల్ క్రమంగా ఇచ్చి, మూడు నాలుగు రోజుల తర్వాత మళ్లీ చూడడం అంచనాలోనే ఒక మెట్టుగా భావిస్తారు. నార్వేలో 18 నర్సింగ్ హోమ్‌లలో 352 మందిపై జరిగి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరీక్షలో, ఇలా మెట్లవారీగా నొప్పిమందు ఇచ్చినప్పుడు రోగుల అశాంతి చెప్పుకోదగినంత తగ్గింది. రాత్రంతా అరుస్తున్నాడని మత్తుమందు రాసే ముందు నొప్పిని వెతకాలన్న పాఠం అది. యాంటీసైకోటిక్ మందులు డిమెన్షియా వృద్ధులలో మరణాలను పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది.

ముద్ద దిగడం

ఒక పూట భోజనాన్ని మొదటినుంచి చివరిదాకా చూడడానికి మించిన పరీక్ష ఈ దశలో లేదు. మెత్తగా పిసికిన పప్పన్నం ముద్ద పెదవికి తగలగానే నోరు తెరుస్తుందా, లేక పెదవులు బిగించి తల తిప్పుకుంటుందా. తీసుకున్న ముద్దను నములుతుందా, బుగ్గన దాచుకుంటుందా. మింగేటప్పుడు గొంతు పైకి లేచి కిందికి దిగుతుందా. నీళ్లు తాగిన తర్వాత గొంతులో గరగర వినిపిస్తుందా, పొలమారుతుందా. తల తిప్పుకోవడానికి అయిష్టం ఒక కారణమైతే నోటిపూత, పుచ్చుపన్ను, నాలుక మీద తెల్లటి బూజు మరో కారణం. టార్చిలైటు వేసి నోరు చూడకుండా ‘అన్నం తింటలేదు’ అన్న మాటను ఆమోదించరాదు. పలచటి నీళ్ల కన్నా చిక్కటి గటక, జావ చాలామందికి సులభంగా దిగుతాయి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఏదైనా ఊపిరితిత్తులలోకి పోతుంది.

తూకం చూడలేని మనిషిలో పిక్క చుట్టుకొలత 31 సెంటీమీటర్ల కన్నా తగ్గితే కండ కరిగిందని అర్థం. తిండి తగ్గగానే ఇంటివారు సెలైన్ ఎక్కించమనీ ముక్కులో గొట్టం వేయమనీ కోరడం మామూలే. ముదిరిన డిమెన్షియాలో గొట్టం ద్వారా ఆహారం ఆయుష్షును పెంచదనీ, పుండ్లను గానీ న్యుమోనియాను గానీ ఆపదనీ, ఓపికగా చేత్తో తినిపించడమే మేలనీ అమెరికా వృద్ధ వైద్య సంఘం 2014లో ప్రకటించింది. అయితే ఈ మాట చెప్పేముందు మింగలేకపోవడానికి నయమయ్యే కారణం లేదని తేల్చుకుని ఉండాలి.

చర్మానికి 1987 నాటి బ్రేడెన్ కొలమానం వాడుతారు. 23కు 18 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఒత్తిడి పుండ్ల ప్రమాదం. కొన్ని ఇళ్లలో మలవిసర్జన సౌకర్యానికి మంచం నడుమ నులకను పక్కకు జరిపి సందు చేస్తారు. ఆ సందు అంచు సరిగ్గా నడుము కింది ఎముకకు ఒరుసుకుంటుంది కాబట్టి అక్కడ ముందుగా చూడాలి.

ముందు ఏమవుతుంది

సుసాన్ మిచెల్ బృందం బోస్టన్ ప్రాంతంలోని 22 నర్సింగ్ హోమ్‌లలో 323 మంది ముదిరిన డిమెన్షియా రోగులను 18 నెలలు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 54.8 శాతం మంది ఆ కాలంలోనే మరణించారు, 85.8 శాతం మందికి తిండి సమస్య, 41.1 శాతం మందికి న్యుమోనియా వచ్చాయి. న్యుమోనియా వచ్చినవారిలో దాదాపు సగం మంది ఆరు నెలలు దాటలేదు. రోగం ఏ దారిన పోతోందో తెలిసిన కుటుంబాలవారు చివరి మూడు నెలల్లో బాధాకరమైన చికిత్సలను తక్కువగా ఎంచుకున్నారన్నది ఆ అధ్యయనంలో మరో ఫలితం. ఏడవ దశ మూడో మెట్టుకు చేరితే ఆరు నెలలే మిగిలాయని అమెరికాలో హాస్పిస్ చేరికకు పెట్టుకున్న నియమం మాత్రం అంత నమ్మదగినది కాదు. ఆ మెట్టు మీద ఏళ్ల తరబడి ఉండిపోయినవారూ ఉన్నారు.

ముందస్తు వైద్య నిర్దేశాలకు సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో చట్టబద్ధత ఇచ్చి, 2023 జనవరిలో విధానాన్ని సులభతరం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట సంతకం చాలునంది. అలాంటి పత్రం రాసి ఉంచుకునే అలవాటు పల్లెలలో ఇంకా వ్యాపించలేదు కనుక, మతి బాగున్నప్పుడు ఆ మనిషి ఏమని ఉండేదో కొడుకులనూ కోడళ్లనూ కూర్చోబెట్టి అడిగి రాసుకోవడం అంచనాలోకి వస్తుంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ దగ్గర మొదలైన ఉపశమన వైద్యం తర్వాత తెలంగాణ జిల్లాలకు పాకింది. 2019లో సూర్యాపేట, నల్గొండలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. పెద్దవూర నుంచి రోగిని సాగర్ హిల్‌కాలనీలోని కమలా నెహ్రూ ఆసుపత్రికో మిర్యాలగూడకో తీసుకుపోయినప్పుడు అక్కడి డ్యూటీ డాక్టరు ఆమెను మొదటిసారి చూస్తాడు. మామూలు రోజుల్లో ఆమె ఎన్ని మాటలు మాట్లాడేది, ఏ భాషలో, కూర్చునేదా, ఎవరు తినిపిస్తే తినేది, మెడ ముందే బిగుసుకుని ఉందా, కల్లు అలవాటుందా, ఏ మాత్రలు పడుతున్నాయి అన్నవి ఒక కాగితం మీద రాసి ఆమెతో పంపితే, ఆ రాత్రి సోయి తప్పడం పాత జబ్బో కొత్త జబ్బో ఆయన తేల్చుకోగలుగుతాడు.